వెలగని గడ్డ

పెట్ స్కాన్‌కు ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదని పంజాగుట్టలోని స్కాన్ సెంటర్ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. నీళ్లు తాగవచ్చు. చక్కెర తగిలిన పదార్థమేదీ ముట్టుకోకూడదు. వాళ్లు రమ్మన్నది శనివారం. మా అమ్మ వజ్రమ్మకు ఆ షరతు వింతగా తోచలేదు.

"శనివారం ఒక్కపొద్దే గదా మనకు. దేవుడే గా దినం ఇప్పిచ్చిండు," అంది.

పగలంతా ఖాళీ కడుపుతో ఉండి, పొద్దుగూకాక స్నానం చేసి, వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని ఒక్క పూట తినడం మా ఇంట్లో ఒక్కపొద్దు. అమ్మకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. మా తమ్ముడు విజయేందర్ ఎప్పుడూ ఉండేవాడు కాదు. లివర్‌లో గడ్డ ఉందని, అది క్యాన్సరని తెలిసిన నెలలో అమ్మ అతని పేరు మీద మొక్కుకుంది. ఆ నెల నుంచి అతనూ మొదలుపెట్టాడు.

విజయేందర్ ఇప్పుడు లేడు. అతని గురించి రాయడానికి కూర్చున్నప్పుడల్లా అవసరమైన దానికన్నా పెద్ద మాటలు వస్తున్నాయి. వాటిని కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అతనికి అమీర్‌పేటలో దుకాణం ఉండేది. కోచింగ్‌ల కోసం వచ్చి హాస్టళ్లలో దిగే పిల్లలకు పరుపులు, బకెట్లు, దిండ్లు అమ్మేవాడు. దుకాణం పైనే ఇల్లు. అమ్మ, విజయేందర్, అతని భార్య మధులత అక్కడుండేవారు. నేను ఎస్.ఆర్. నగర్‌లో ఒక్కదాన్నే ఉంటాను, ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. తమ్ముడు జీవితంలో మద్యం ముట్టలేదు. హెపటైటిస్ బి అనే వైరస్ ఎప్పుడు ఒంట్లో చేరిందో, ఎన్నేళ్లు చప్పుడు లేకుండా కాలేయాన్ని గట్టిపరిచిందో మాకు తెలియదు. లివర్ అనగానే చుట్టాలు ముందడిగేది తాగుడు గురించే. "తాగకుండనే పేరొచ్చింది, తాగితే ఇంకెంత పేరొస్తుండెనో," అనేవాడు.

కాలేయం మార్పిడి చేయవచ్చని డాక్టర్లు అన్నారు. మధులత రక్తం గ్రూపు కలవలేదు. నాది కలిసింది. నా కాలేయంలో కొంత భాగం తీసి అతనికి పెడతారు, నాలో మిగిలింది కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. ఎవరినీ అడిగి ఒప్పించాల్సిన పని లేదు కాబట్టి నేను వెంటనే సరేనన్నాను. అంతకుముందు క్యాన్సర్ ఇంకెక్కడికైనా పాకిందేమో చూడాలి. ఆ స్కాన్ అందుకే.

సూది వేశాక అతన్ని ఒక గదిలో ఒంటరిగా గంటసేపు కూర్చోబెట్టారు. కదలకూడదు, మాట్లాడకూడదు. బయటికి రాగానే అన్న మొదటి మాట ఇది.

"అక్కా, గంటసేపు నోరు తెరవద్దన్నరు. పెండ్లైనంక గింత నిమ్మళం ఎన్నడన్న ఉండెనా!"

"ఇంకో సూది ఇప్పిస్త. ఇంటికాడ సుత గట్లనే కూసుందువు," అంది మధులత.

స్కాన్ చేసే పిల్ల నవ్వాపుకోలేకపోయింది. మేమూ నవ్వాం. ఇంటికి వెళ్లాక కూడా సాయంత్రం దాకా అతను ఏమీ తినలేదు.

సోమవారం డాక్టర్ కేదార్ దగ్గరికి అందరం వెళ్లాం. ఆయనది కోస్తా వైపు. నిదానంగా మాట్లాడతాడు, చెప్పింది అర్థమైందో లేదో మన ముఖం చూసి తెలుసుకుంటాడు. తెర మీద విజయేందర్ శరీరం బూడిదరంగు నీడలా ఉంది. మెదడు, గుండె ప్రకాశంగా ఉన్నాయి. కాలేయం అంతా ఒకటే రంగు. గడ్డ ఉన్న చోటు కూడా.

"మేం ఎక్కించింది ఒక రకం చక్కెరండి. క్యాన్సర్ కణాలకి చక్కెర మీద ఆకలి ఎక్కువ. లాక్కుని లోపల పెట్టి తాళం వేసేసుకుంటాయి. చక్కెర ఎక్కడ నిలిస్తే అక్కడ స్కాన్‌లో వెలుగుతుంది," అన్నాడు.

"మరి గిది వెలగలే గద సార్?" అన్నాడు విజయేందర్.

"వెలగలేదంటే గడ్డ లేదని కాదండీ. అంతకుముందు తీసిన సీటీ స్కాన్‌లో చూశాం కదా, ఉంది. లివర్ పనేంటి? తిన్నప్పుడు చక్కెర దాస్తుంది, తిననప్పుడు తీసి ఒంటికిస్తుంది. ఆ తాళం తీసే తాళంచెవి లివర్ కణాలకి ఉంటుంది. మీ గడ్డ లివర్‌లోంచే పుట్టింది కాబట్టి దాని దగ్గర ఆ తాళంచెవి ఇంకా ఉంది. చక్కెర లోపలికి వెళ్లి మళ్లీ బయటికొచ్చేస్తోంది. ఇలాంటివి సాధారణంగా నెమ్మదిగా పెరుగుతాయి. లివర్ మార్చాక తిరిగి వచ్చే భయం తక్కువ. మనకిది మంచి కబురే."

వేసవి సెలవులు అయ్యాక, జూన్‌లో ఆపరేషన్ చేద్దామన్నాడు. ఈలోగా గడ్డకు రక్తం తెచ్చే నాళంలోకి మందు పంపి దాన్ని మూసేస్తారు. మేమిద్దరం చేయాల్సినవి కూడా చెప్పాడు. నా కాలేయానికి కొవ్వు పట్టింది, అన్నం తగ్గించి, రోజూ నడిచి బరువు తగ్గాలి. విజయేందర్‌కు కండ తగ్గుతోంది, అతను బాగా తినాలి.

"కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినండి. గుడ్లు, పప్పు, పెరుగు. పడుకోబోయే ముందు ఏదో ఒకటి తప్పనిసరి. మీ లివర్‌కి చక్కెర దాచుకునే శక్తి పోయింది. మేం ఒక రాత్రి తినకుండా పడుకుంటే ఏమీ కాదు, మీకది రెండు మూడు రోజుల పస్తుతో సమానం. చక్కెర దొరక్క ఒళ్లు కండనే కరిగించుకుంటుంది. పస్తులు మాత్రం వద్దండి."

ఈ మాటలన్నీ ఇంటికొచ్చి అమ్మకు మా భాషలో చెప్పాను. పస్తుల మాట రెండుసార్లు చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. తర్వాత తన లెక్క తాను వేసుకుంది. కొడుకు ఒక్కపొద్దున్నాడు. ఆ రోజే గడ్డకు చక్కెర చూపించారు. గడ్డ తినలేదు. ఇందులో డాక్టర్ చెప్పింది ఏముంది, దేవుడు కళ్లముందు పెట్టి చూపించాడు. ఒక్క శనివారానికే నోరు మూసుకున్న గడ్డ, ఇంకొన్ని రోజులు కలిపితే ఎండిపోదా?

విజయేందర్ చదువుకున్నవాడు. ఆ లెక్క తప్పని అతనికి తెలియక కాదు. కానీ చక్కెర ఆపితే క్యాన్సర్ చస్తుందని చెప్పే వీడియోలు అతని ఫోన్‌లోకీ వస్తున్నాయి. అమ్మ మొక్కూ ఆ వీడియోలూ ఒకే మాట చెబుతుంటే, ఆస్పత్రిలో విన్న మాట ఒంటరిదైపోయింది. శనివారంతో పాటు సోమవారం, గురువారం చేరాయి. మిగిలిన రోజుల్లో కూడా అన్నం సగమైంది, పాలు, పండ్లు మానేశాడు. రాత్రి పెందలాడే జొన్నరవ్వ ఉడికించిన గటక ఇంత తాగి పడుకునేవాడు. నాకు చెప్పొద్దని మధులత చేత ఒట్టు వేయించుకున్నాడు.

నాకు మాత్రం అమ్మ దగ్గర నుంచి వారానికి రెండుసార్లు టిఫిన్ క్యారియర్ వచ్చేది. నెయ్యి కారే భక్షాలు, గారెలు, బగారన్నం. కాలేయం కోసి ఇవ్వబోయేది నేను కదా, నాకు బలం రావాలని.

"అమ్మా, నేను తగ్గాలన్నడు డాక్టర్. తమ్మునికి పెట్టు ఇవన్ని," అన్నాను ఫోన్‌లో.

"వానికి పెడుతున్న తియ్యి. నువ్వు తిను బిడ్డా. ఎండిపోయిన కాలేజం పెడితే ఏం పని చేస్తది?"

ఆ గిన్నెలు మా స్టాఫ్ రూములో ఖాళీ అయ్యేవి. నేను పొద్దున్నే నడిచేదాన్ని, రాత్రి రెండు పుల్కాలతో సరిపెట్టుకునేదాన్ని. ఆదివారాలు అమీర్‌పేట వెళ్లి తమ్ముణ్ణి చూసి వచ్చేదాన్ని. ముఖం పీక్కుపోయినట్టు కనిపించేది. అడిగితే దుకాణంలోని కాటా మీద నిలబడి చూపించేవాడు. "చూడు టీచరమ్మా, గ్రాము తగ్గలే." నిజమే, బరువు తగ్గలేదు. కాళ్లలో, పొట్టలో చేరుతున్న నీరు, కరుగుతున్న కండకు సరిసమానంగా తూగుతోంది. గడ్డకు మందు పంపిన రోజు కూడా ఆస్పత్రి వాళ్లు బరువే చూశారు.

జూన్‌లో బడి తెరిచిన వారం, ప్రార్థన జరుగుతుండగా మధులత ఫోన్ చేసింది. విజయేందర్ తన దుకాణం వదిలేసి పక్క మందుల షాపు షట్టర్ ఎత్తడానికి పెనుగులాడుతున్నాడట. ఆపబోయిన వాళ్లను తిడుతున్నాడట, చెమటతో తడిసిపోయాడట. నేను వెళ్లేసరికి ఆ మందుల షాపు ఆయనే వేలు పొడిచి రక్తంలో చక్కెర చూశాడు. డెబ్బై దాటి ఉండాల్సింది నలభై ఒకటి ఉంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. గ్లూకోజు ఎక్కించాక కాసేపటికి మనుషుల్లోకి వచ్చాడు.

డాక్టర్ కేదార్ దుప్పటి తీసి అతని తొడను, భుజాన్ని చేత్తో పట్టి చూశాడు. నిన్న ఏం తిన్నారని అడిగాడు. అప్పుడు మధులత ఏడుపందుకుంది.

"నిన్న గురువారం ఒక్కపొద్దు సార్. వదినా, నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. అత్తమ్మ దేవుడంటది, గీయన గడ్డ ఎండిపోతదంటడు. నేనెవ్వరికి చెప్పుకోవాలె?"

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది. అతని అరచేతిలో ఒక పరికరం పెట్టి గట్టిగా పిండమన్నాడు. ముల్లు కొంచెమే కదిలింది.

"ఈ కండతో ఆపరేషన్ తట్టుకోలేరండి. వాయిదా వేయక తప్పదు. ముందు మీరు తిని బలం తెచ్చుకోవాలి," అన్నాడు. నా వైపు తిరిగి, "మీ రిపోర్టులు బాగున్నాయి టీచర్ గారూ. కొవ్వు తగ్గింది. మీరు సిద్ధంగానే ఉన్నారు," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మ ఎదురుగా కూర్చున్నాను.

"తమ్ముడు ఇగ పస్తులుండొద్దమ్మా."

"మొక్కుకున్న బిడ్డా. మొక్కు తప్పితే ఏమైతదో తెల్వదా?"

"తప్పకపోతే ఏమైతదో పొద్దున చూసినవు గద."

"గా గడ్డ తినలే. నువ్వే చెప్పినవు. ఫోటోల వెలగలే అని నువ్వే చెప్పినవు!"

"అది తింటది, మళ్ల బయటికి విడుస్తది. అందుకు వెలగలే. పస్తుతోని కాదు. పస్తు గడ్డకు తగుల్తలేదమ్మా, తమ్మునికే తగుల్తుంది."

అమ్మ లేచి దేవుడి గూటి ముందు నిలబడి చెంపలు వేసుకుంది. "స్వామీ, మొక్కింది నేను. నోరు నాది. వానివన్ని ఇయ్యాల్టి నుంచి నేనుంట. వాన్ని ఇడిసిపెట్టు," అని పైకే అంది. అంతటితో మొక్కు ఆమెకు మారింది. ఆమె వారానికి మూడు రోజులు ఒక్కపొద్దుంది. అతను తిన్నాడు.

ఆకలి లేకపోయినా తిన్నాడు. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం నానబెట్టిన శనగలు, పడుకునే ముందు పాలల్లో సత్తుపిండి. వికారం వస్తే కాసేపు ఆగి మళ్లీ తినేవాడు. "అక్కా, పరుపులల్ల దూది కూరినట్టు కూరుతుండ్రు నన్ను. జర ఆగుమంటే ఆగరు," అనేవాడు. దుకాణంలో బకెట్లలో నీళ్లు నింపి చేతులతో ఎత్తేవాడు. మొదట సగం బకెట్, తర్వాత నిండు బకెట్. ఆస్పత్రిలో ఆ పరికరం ముల్లు కొంచెం కొంచెంగా జరిగింది. వర్షాకాలంలో మధులత ముఖంలో నవ్వు చూశాను. నా బరువును నేను పెరగనివ్వలేదు. బడిలో సెలవు చీటీ రాసిపెట్టుకున్నాను, తేదీ మాత్రం వేయలేదు.

ఆగస్టులో ఆపరేషన్‌కు ముందు మళ్లీ అదే స్కాన్ చేశారు. ఈసారి డాక్టర్ కేదార్ మమ్మల్ని కూర్చోమన్నాడు. తెర మా వైపు తిప్పాడు. కాలేయం మధ్యలో గడ్డ ఉన్న చోట ఎర్రగా, నడుమ తెల్లగా వెలుగుతోంది. దాని పక్కన పెద్ద రక్తనాళం పొడవునా సన్నటి గీత, అదీ వెలుగుతోంది.

"గిప్పుడు కరెంటొచ్చింది దానికి," అన్నాడు విజయేందర్. ఎవరూ నవ్వలేదు.

"గడ్డ స్వభావం మారిపోయిందండి. లివర్ అలవాట్లు వదిలేసింది. చక్కెరని లాక్కుని బిగించుకుంటోంది. ఇలా మారినవి వేగంగా పాకుతాయి. రక్తనాళంలోకి కూడా వెళ్లింది. ఇప్పుడు లివర్ మార్చినా, కొత్త లివర్‌లోకి కొద్ది నెలల్లోనే వచ్చేస్తుంది. మీ అక్కగారిని కోసి ఆ పని చేయమని నేను చెప్పలేను. మందులున్నాయి, ఇద్దాం. అవి కొంతకాలం ఆపుతాయి."

నా చేయి పక్కటెముకల కింద కుడివైపు ఉందని కాసేపటికి గమనించాను. తీసేశాను.

విజయేందర్ ముందుకు జరిగి కూర్చున్నాడు. "సార్, ఒక్క మాట. దాపరికం లేకుండ చెప్పుర్రి. నేను పస్తులున్నందుకే గిట్లైందా?"

డాక్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గడ్డ మారడానికి పస్తులు కారణం అనుకోవడానికి లేదండి. అవి దాని లోపల జరిగే మార్పులు. మీరు మూడు పూటలా తిన్నా మారి ఉండేదేమో." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "కానీ జూన్‌లో మీకు బలం ఉండి ఉంటే, అది మారకముందే ఆపరేషన్ అయిపోయేది."

"మంచిది సార్," అన్నాడు విజయేందర్.

ఆస్పత్రి మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని ఆగాడు. మధులత ఆటో కోసం ముందుకు వెళ్లింది.

"అక్కా, అమ్మ అడుగుతది."

"అడుగుతది."

"సార్ ముందుగాల అన్న మాట ఒక్కటే చెప్పు. పస్తులతోని కాదన్నడు సూడు, గది. ఎనకటి మాట మన ముగ్గురి దాంకనే."

"అబద్ధం చెప్పమంటున్నవా?"

"అబద్ధం ఎట్లైతది? సార్ అన్నదే గద. తిననిది నేను. అమ్మ నా నోరు కట్టేసిందా? నలబై ఏండ్ల మొగోన్ని. నాకే ఆశ పుట్టింది. కానీ గది అమ్మకు గట్ల సమజ్ కాదు. తన చేత్తోని సంపుకున్న అనుకుంటది. నేను పోయినంక సుత ఆమె బతకాలె గద." భుజం మీద చేయి బిగించాడు. "నువ్వైతే సక్కగ చెప్తవు. నీకు మాటలు దొరుకుతయి. నేను చెప్తే నవ్వొస్తది, లేకుంటే ఏడుపొస్తది."

ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మ దుకాణంలో కొత్తగా వచ్చిన పరుపుల పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆ రోజు శనివారం, ఆమె పొద్దున్నుంచి నీళ్లే తాగింది. మా ముఖాలు చూసి, మధులత తలవంచుకుని మేడమీదికి వెళ్లిపోవడం చూసి, ఆపరేషన్ లేదని తెలుసుకుంది. అడిగింది అది కాదు.

"నేను ఒక్కపొద్దులు పెట్టినందుకా బిడ్డా?"

విజయేందర్ బకెట్ల దొంతర సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

"కాదమ్మా," అన్నాను. "పస్తులతోని గడ్డ మారలే. మూడు పూటలు తిన్నా మారుతుండెనేమో అన్నడు డాక్టర్. అది లోపల్నే మారిపోయింది."

"గట్లనే అన్నడా?"

"గట్లనే అన్నడు."

"ఇంకేమన్నడు?"

రోడ్డు మీద సిటీ బస్సు హారన్ కొడుతూ పోయింది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగే వీలు నాకు దొరికింది. బడిలో పిల్లలకు సగం జవాబు రాస్తే సగం మార్కులే వేస్తాను. ఇక్కడ నా ముందున్నది మా అమ్మ.

"మందులిస్త అన్నడు. మంచిగ తినుమన్నడు," అన్నాను.

అమ్మ నా ముఖం వైపు చూస్తూనే ఉంది. నమ్మిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

"ఏం తింటవు కొడుకా?"

"నువ్వేం తింటే గది."

"నాకియ్యాల ఒక్కపొద్దు."

"ఇగ ఎందుకమ్మా? నా కోసమే గద ఉన్నవు. నేను చెప్తున్న, సాలు. తింటే ఇద్దరం తిందాం, లేకుంటే నాకు సుత వద్దు." అతని గొంతులో హాస్యం లేదు. అమ్మ ఆకాశం వైపు చూసింది. పొద్దు ఇంకా చాలా ఉంది. మెట్లెక్కింది. కాసేపటికి పైనుంచి కుక్కర్ కూత వినిపించింది.

నలుగురం వంటింట్లో నేల మీద కూర్చున్నాం. వేడన్నం, పప్పుచారు, కోడిగుడ్డు కూర. అమ్మ మొదట విజయేందర్‌కు పెట్టింది, తర్వాత తనకు పెట్టుకుంది. తన కంచంలో చేయి పెట్టడానికి ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత తినడం మొదలుపెట్టింది. మధులత నాకు అలవాటు ప్రకారం ఒక గరిటె అన్నం వేసి ఆగింది.

నేను కంచం మళ్లీ ముందుకు జరిపాను. ఇక తగ్గాల్సిన అవసరం నాకు లేదు.